పదహారు చిప్పుల లెక్క

రెండూ 4 జీబీయే. రెండూ డీడీఆర్3 రకమే. పొడవు 67.6 మిల్లీమీటర్లు, వెడల్పు 30. అంచున 204 బంగారు పూత గీతలు, వాటి మధ్య కాస్త పక్కకి జరిగిన గాడి. అవనిగడ్డలో ఒక లాప్‌టాప్ రిపేరు దుకాణం బల్ల మీద ఈ రెండు ర్యామ్ స్టిక్కులూ పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి పెడితే ఒక మాస్టారి పాత లాప్‌టాప్ లేస్తుంది. ఇంకోటి పెడితే తెర నల్లగా ఉండిపోతుంది. ఆ మొండికేసినది కొత్తది, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నది. పోనీ ఏదైనా పాడైందా అంటే ఏదీ పాడవలేదు. స్టిక్కు బాగుంది, స్లాటు బాగుంది, బోర్డు బాగుంది. అన్నీ బాగుండి కూడా పని జరగనప్పుడు కారణం పట్టుకోవడమే ఈ వృత్తిలో అసలు పని. కాలిపోయినదాన్ని ముక్కు కూడా పట్టుకుంటుంది.

ఆ పని చేసిన మెకానిక్ పేరు ఇక్కడ రాయడం లేదు. నాకు కావలసింది ఆయన చెయ్యి నడిచే తీరు.

అవనిగడ్డలో ఇలాంటి దుకాణానికి గిరాకీ ఎందుకో ముందు చెప్పాలి. దివిసీమ మొత్తానికి పెద్ద ఊరు ఇదే. నాగాయలంక, కోడూరు, మోపిదేవి వాళ్లు ఏ పనికైనా ఇక్కడికే వస్తారు. పులిగడ్డ-పెనుమూడి వారధి మీదుగా రేపల్లె వైపు నుంచి కూడా వచ్చిపోతుంటారు. దీనికి తోడు డీఎస్సీ కోచింగ్. పంతులు ఉద్యోగానికి చదవాలంటే అవనిగడ్డ వెళ్లాలన్న మాట రాష్ట్రమంతటా ఉంది. శ్రీకాకుళం పిల్లలూ అనంతపురం పిల్లలూ ఇక్కడ గదులు తీసుకుని చదువుతారు. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు, పరీక్ష అంతా కంప్యూటర్ మీదే. ఇక చదువుకునే గదిలో ఒక లాప్‌టాప్ లేకపోతే ఎలా? కొత్తది కొనే స్తోమతు అందరికీ ఉండదు. కంపెనీలు వాడి వదిలేసినవి సికిందరాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లాంటి చోట్ల చేతులు మారి, ఆర్టీసీ కార్గోలోనో, ఎవరి సంచిలోనో ఇక్కడికి చేరతాయి. చేరాక నెమ్మదిగా నడుస్తాయి. అప్పుడు ఎవరో ఒకరు సలహా ఇస్తారు: ర్యామ్ పెంచుకో, పరిగెడుతుంది. స్టిక్కు తెప్పించుకోవడం, యూట్యూబ్ చూసి వెనక మూత తియ్యడం, పెట్టడం. గుర్తుపట్టకపోతే ఈ దుకాణం.

మాస్టారు డీఎస్సీ పిల్లవాడు కాదు, ఎప్పుడో రిటైరయ్యారు. ఆయన లాప్‌టాప్ మొదటి తరం కోర్ ఐ3ది, అంటే 2010 నాటి సరుకు. ఒక స్లాటులో 2 జీబీ, రెండో స్లాటు ఖాళీ. ఖాళీ దాంట్లో 4 జీబీ వేస్తే ఆరవుతుందని ఆయన లెక్క. వచ్చీ రాగానే, "కొత్తది గుర్తుపట్టడం లేదు బాబూ, స్టిక్కు మార్చి ఇవ్వాలేమో" అన్నారు.

మెకానిక్ స్టిక్కు వంకైనా చూడలేదు. "గుర్తుపట్టడం లేదంటే ఎలా గుర్తుపట్టడం లేదు మాస్టారూ? తెర వస్తోందా, రావడం లేదా?" అన్నారు.

ఈ ప్రశ్న దగ్గరే నాకు పనితనం కనిపించింది. 'గుర్తుపట్టడం లేదు' అన్న ఒక్క మాట కింద నాలుగు వేరువేరు జబ్బులున్నాయి, నాలుగింటికీ మందులు వేరు. అసలు డిస్‌ప్లేనే రాకపోవడం ఒకటి. అప్పుడు యంత్రం బీప్‌లతోనో దీపాలతోనో ఏదో చెబుతుంది. హెచ్‌పీ పాత మోడళ్లలో క్యాప్స్‌లాక్ దీపం మూడేసి సార్లు కొడితే మెమరీ గొడవ అని, రెండేసి అయితే బయోస్ చెడిందని లెక్క. రెండో రకంలో యంత్రం లేస్తుంది, కానీ బయోస్ తెర మీదే పాత లెక్క చూపిస్తుంది. మూడో రకంలో బయోస్ మొత్తం చూపిస్తుంది, విండోస్ చూపించదు. నాలుగోది అన్నీ చూపించి, గంట తర్వాత నీలం తెర వేసి పడిపోవడం. మొదటి రెండింటికీ స్క్రూ డ్రైవర్ కావాలి. మూడోదానికి అక్కర్లేదు. అయినా మూడో రకంతో వచ్చినవాళ్ల లాప్‌టాప్ కూడా మూత తీసేసి, ఉన్న గడియలు విరగ్గొట్టేవాళ్లున్నారట.

ఆ మూడో రకం గురించి ఆయన చెప్పింది వినదగ్గది. 32 బిట్ విండోస్ ఉంటే అంకెల్లోనే గోడ ఉంది. 32 బిట్లతో రాయగలిగిన చిరునామాలు 429 కోట్ల 49 లక్షల 67 వేల 296. అది సరిగ్గా 4 జీబీ. అందులోంచే గ్రాఫిక్స్‌కీ, మిగతా భాగాలకీ చిరునామాలు ఇవ్వాలి గనక మనకి మిగిలేది మూడున్నర లోపే. దాన్ని చూసి స్టిక్కులో అర జీబీ పోయిందని తగువుకొచ్చినవాళ్లున్నారు. విండోస్ 7 స్టార్టర్ అయితే 2 జీబీ దగ్గరే ఆపేస్తుంది, అది మైక్రోసాఫ్ట్ పెట్టిన కట్టుబాటు. అంతకంటే పాత లాప్‌టాప్‌లు, ఇంటెల్ 945 చిప్‌సెట్‌వి, 64 బిట్ విండోస్ వేసినా మూడు జీబీ పైన కొద్దిగా చూపించి ఊరుకుంటాయి. అక్కడ గోడ విండోస్‌ది కాదు, బోర్డుది. ఇవేవీ కాకుండా ఇంకో చిన్న పాపం ఉంది. వేగం పెంచుకునే చిట్కా అని ఎవరో చెబితే, ఎంఎస్‌కాన్ఫిగ్‌లో 'మాగ్జిమమ్ మెమరీ' పెట్టెలో టిక్కు పెట్టి ఒక అంకె వేసేస్తారు. ఆ టిక్కు తీసి మళ్లీ లేపితే చాలు, మెమరీ తిరిగొస్తుంది. దీనికి ఆయన డబ్బు తీసుకోరు. నేనైతే తీసుకుంటాను. ఎక్కడ టిక్కు తియ్యాలో తెలియడానికి ఎన్నేళ్లు పట్టి ఉంటుందో!

మాస్టారిది రెండో రకం. పాతదీ కొత్తదీ కలిపి పెడితే యంత్రం లేస్తుంది, కానీ బయోస్‌లోనే 2 జీబీ. విండోస్ అప్పటికింకా రంగంలోకి రాలేదు కాబట్టి దాని మీద అనుమానం లేదు. కొత్తది ఒక్కటే పెడితే డిస్‌ప్లే లేదు.

అప్పుడు మూత తీశారు. అంతకుముందే చార్జరు పీకి, బ్యాటరీ తీసి, పవర్ బటన్ కొంతసేపు నొక్కి పట్టుకున్నారు. బోర్డులో మిగిలిన కరెంటు పోవడానికి అది. ఒంటి మీది స్టాటిక్ విద్యుత్తు చిప్పులకి చేటని పుస్తకాల్లో ఉంటుంది. సముద్రం దగ్గరి తేమగాలిలో ఆ బెడద తక్కువే. అయినా ఆయన స్టిక్కు ముట్టుకునే ముందు ఒకసారి బోర్డు మీది లోహపు భాగం తాకుతారు. "అలవాటండీ, హైదరాబాద్‌లో నేర్చుకున్నా" అన్నారు. అక్కడ ఎండాకాలం గాలి పొడిగా ఉంటుంది మరి.

ఇక్కడి తేమ ఆ మేలు చేసి ఇంకో కీడు చేస్తుంది. చిలుము. ఉప్పుగాలి, చెరువుల తేమ, వానాకాలమంతా ఆరని గోడలు. స్టిక్కు అంచున ఉన్న గీతల మీద బంగారం ఉన్నమాట నిజమే. ఆ పూత మందం మైక్రాన్‌కి కూడా రాదు, కింద నికెల్, దాని కింద రాగి. చిలకలపూడి గిల్టు నగల సంగతి తెలిసిన బందరు ప్రాంతం వాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. పూత ఉన్నంతకాలం తళతళ, ఎక్కడైనా అరిగి కింది లోహం గాలి చూసిందంటే అక్కడ మొదలవుతుంది రంగు మారడం. అందుకే రబ్బరుతో తుడవడమంటే ఆయనకి ఒళ్లు మంట. పెన్సిలు గీత చెరిపే రబ్బరుతో ర్యామ్ గీతలు రుద్దడం ఊరూరా ఉన్న వైద్యం, తక్షణం పనిచేస్తుంది కూడా. ఎందుకు పనిచేస్తుందంటే అది పూతని గీకుతుంది కాబట్టి. మురికితో పాటు బంగారమూ కొంత పోతుంది, రబ్బరు పొడి స్లాటులో పడుతుంది, ఆరునెలలకి మళ్లీ అదే జబ్బు. ఆయన పద్ధతి వేరు. ఐపీఏ అని వాళ్లు పిలిచే ఆల్కహాల్‌లో మెత్తటి గుడ్డ తడిపి, గీతల నిలువునే, పై నుంచి అంచు వైపుకి ఒక్కో తుడుపు. అడ్డంగా తుడిస్తే ఒక గీత మురికి పక్క గీతకి అంటుకుంటుంది. స్లాటు లోపల బ్లోయర్, ఆ తర్వాత మెత్తటి బ్రష్. ఒకసారి ఎవరి లాప్‌టాప్ స్లాటులోంచో బల్లి గుడ్డు పెంకు బయటపడిందని చెప్పి నవ్వారు. చీమలైతే మామూలే. లోపల వెచ్చగా ఉంటుంది కదా.

తుడిచాక పెట్టే తీరు. లాప్‌టాప్ ర్యామ్‌ని పైనుంచి నిలువుగా దించరు. ఏటవాలుగా లోపలికి తోసి, తర్వాత పడుకోబెట్టాలి. రెండు పక్కలా ఉన్న గడియలు టక్కుమని పట్టుకోవాలి. చాలామంది పడుకోబెట్టడంతో పని అయిపోయిందనుకుంటారు. లోపలికి పూర్తిగా వెళ్లకుండానే పడుకోబెడితే గడియ సగం పట్టినట్టే ఉంటుంది, చూడటానికి తేడా తెలియదు. ఆయన మాత్రం ఏటవాలుగా ఉన్నప్పుడే, ఇంకా వంచకముందే, కళ్లు స్లాటు మట్టానికి తెచ్చి చూస్తారు. బంగారు గీతలు స్లాటు పెదవి బయట ఎంత మేర కనిపిస్తున్నాయి, రెండు చివర్లా ఒకే మేర కనిపిస్తున్నాయా అని. ఒక చివర ఎక్కువ కనిపిస్తే స్టిక్కు వంకరగా కూర్చుంది. ఈ ఒక్క చూపుతోనే తేలిపోయే కేసులు బోలెడు.

మాస్టారిది అలా తేలలేదు.

తర్వాత జరిగింది ఈ పని మొత్తంలో నాకు బాగా నచ్చిన భాగం. ఆయన దగ్గర ఒక టెస్టింగ్ ర్యామ్ ఉంది. దాని మూల మీద గోళ్ల రంగు చుక్క. అది అమ్మరు, ఎవరికీ అరువివ్వరు. మంచిదని తెలిసిన స్టిక్కు ఒకటి చేతిలో లేకపోతే మిగతావన్నీ ఊహలే. మొదటి స్లాటులో పాత 2 జీబీ ఒక్కటే పెట్టారు, లేచింది. దాన్నే రెండో స్లాటులో పెట్టారు, లేచింది. చుక్క ఉన్నది రెండు స్లాటుల్లోనూ పెట్టి చూశారు, లేచింది. కొత్తది మొదటిదాంట్లో, రెండోదాంట్లో: రెండుచోట్లా నల్ల తెర. ప్రతిసారీ బ్యాటరీ తియ్యడం, బటన్ నొక్కి పట్టడం, పెట్టడం, లేచిందో లేదో చూడటం, పక్కనున్న కాగితం మీద ఒక అడ్డగీతో టిక్కో వెయ్యడం. ఒక్కసారికి ఒక్కటే మార్పు. రెండు మార్పులు ఒకేసారి చేస్తే యంత్రం లేచినా ఎందుకు లేచిందో తెలియదు, లేవకపోయినా ఎందుకు లేవలేదో తెలియదు. చూసేవాళ్లకి విసుగు. మాస్టారు రెండుసార్లు బయటికెళ్లి టీ తాగొచ్చారు.

కాగితం మీద లెక్క తేటగా ఉంది: స్లాటులు రెండూ మంచివి. ఇక మిగిలింది కొత్త స్టిక్కు. ఎవరైనా ఇక్కడ ఆగి 'ఇది పాడైంది, వెనక్కి పంపండి' అనేస్తారు. ఆయన ఆగలేదు. కొత్త స్టిక్కుని షాపులో ఉన్న మరో లాప్‌టాప్‌లో పెట్టారు, అది మూడో తరం ఐ5. 4 జీబీ మొత్తం కనిపించింది. మెమ్‌టెస్ట్ పెట్టి ఒక రౌండు పూర్తిగా తిప్పారు, ఒక్క తప్పు లేదు.

ఇక్కడ కాస్త పక్కకి వెళ్తాను. స్లాటు పనిచెయ్యని కేసుల్లో ఆయన మల్టీమీటర్ ఎలా వాడతారో చెప్పకుండా ఉండలేను. కరెంటు పూర్తిగా తీసేసి, మీటరు డయోడ్ మోడ్‌లో పెట్టి, ఎర్ర మొన గ్రౌండ్‌కి ఆనించి, నల్ల మొనతో స్లాటు లోపలి ఒక్కో కాంటాక్టునీ తాకుతూ పోతారు. డేటా గీతలు 64. అన్నిచోట్లా దాదాపు ఒకే అంకె రావాలి. ఆ అంకె ఎంతన్నది ఆయనకి ముఖ్యం కాదు, అన్నీ ఒకేలా ఉన్నాయా అన్నదే ముఖ్యం. ఒకచోట అంకే రాకపోతే ఆ దారి ఎక్కడో తెగింది. స్లాటు టంకంలోనా? అలా అనుకుని హీట్ గన్ తీసేవాళ్లు ఎక్కువ. తెగింది ఆ దారికి అవతలి చివరనైనా కావచ్చు. కోర్ 2 కాలం దాకా మెమరీని నడిపే కంట్రోలర్ చిప్‌సెట్‌లో ఉండేది. 2008లో నెహాలెమ్‌తో మొదలుపెట్టి ఇంటెల్ దాన్ని ప్రాసెసర్ లోపలికే మార్చింది. మొదటి తరం ఐ3 లాప్‌టాప్‌లు చాలావాటిలో ప్రాసెసర్ సాకెట్‌లో కూర్చుని ఉంటుంది. కిందపడి అదిరినా, మురికి చేరినా ఆ సాకెట్‌లో ఒక్క సూది అందకపోతే చాలు, ఒక స్లాటు మొత్తం చచ్చినట్టే. అలాంటిదొకటి ఎన్నో చేతులు మారి స్లాటు మార్చాలన్న తీర్పుతో ఆయన దగ్గరికి వచ్చిందట. ఆయన ఫ్యాను, హీట్‌సింక్ విప్పి, ప్రాసెసర్ తీసి, తుడిచి, మళ్లీ కూర్చోబెట్టి పేస్ట్ రాశారు. స్లాటు లేచింది. టంకం ముట్టుకోలేదు.

మళ్లీ మాస్టారి స్టిక్కు. అది మంచిదే, యంత్రమూ మంచిదే. మరి ఎందుకు కుదరలేదు? ఇప్పుడు, మొదటిసారి, ఆయన స్టిక్కు మీది చీటీ చదివారు. కొత్తదాని మీద '1ఆర్‌ఎక్స్8 పీసీ3ఎల్-12800ఎస్' అని ఉంది. డబ్బాలోంచి ఒక పాత స్టిక్కు తీసి పక్కన పెట్టారు, అదీ 4 జీబీయే. దాని మీద '2ఆర్‌ఎక్స్8 పీసీ3-10600ఎస్'. "చిప్పులు లెక్కపెట్టండి" అన్నారు నాతో. కొత్తదానికి ముందు నాలుగు, వెనక నాలుగు. పాతదానికి ముందు ఎనిమిది, వెనక ఎనిమిది.

పీసీ3ఎల్‌లో ఆ 'ఎల్' చూసి నేను వోల్టేజీ తేడా అనుకున్నాను. డీడీఆర్3 1.5 వోల్టులది, డీడీఆర్3ఎల్ 1.35ది. ఆయన తల అడ్డంగా ఊపారు. ఎల్ రకం 1.5 వోల్టుల దగ్గర కూడా నడవాలన్నది నియమం. ఇబ్బంది వచ్చేది ఇది తిరగబడితేనే. నాలుగో తరం లాప్‌టాప్‌లో మామూలు డీడీఆర్3 పెడితే ఆ బోర్డు 1.35 మాత్రమే ఇస్తుంది, స్టిక్కుకి చాలదు. ఇక్కడ సంగతి చిప్పుల సంఖ్య.

ఎనిమిది చిప్పులతో 4 జీబీ అంటే ఒక్కో చిప్పు 4 గిగాబిట్లు. పదహారైతే ఒక్కోటి 2 గిగాబిట్లు. మొత్తం ఒకటే, ముక్కల సైజు వేరు. చిప్పు లోపల గళ్లు అడ్డవరసలుగా, నిలువువరసలుగా ఉంటాయి. ఏ గడి కావాలో చెప్పడానికి కంట్రోలర్ ముందు అడ్డవరస నంబరు పంపుతుంది, తర్వాత నిలువువరస నంబరు. 2 గిగాబిట్ల చిప్పుకి అడ్డవరస నంబరు 15 బిట్లలో సరిపోతుంది. 4 గిగాబిట్ల చిప్పుకి 16 బిట్లు కావాలి. ఏ15 అనే ఇంకొక్క తీగ మీద కూడా మాట్లాడాలి. మొదటి తరం కోర్ మొబైల్ ప్రాసెసర్ల కంట్రోలర్ 1, 2 గిగాబిట్ల చిప్పులకే తయారైంది. ఇంటెల్ తన పత్రాల్లో ఆ సంగతి రాసే పెట్టింది. రెండో తరం నుంచి 4 గిగాబిట్లు పట్టింది. అందుకే కొత్త స్టిక్కు మూడో తరం లాప్‌టాప్‌లో హాయిగా నడిచింది.

చిప్పుల మీద లేజర్‌తో చెక్కిన నంబర్లు చూసి ఇది చెప్పొచ్చు. ఆయన అంతటితో వదలకుండా స్టిక్కు నోటితోనే చెప్పించారు. ప్రతి స్టిక్కు మీదా, పెద్ద చిప్పుల మధ్య ఎక్కడో, 2 మిల్లీమీటర్లు ఇంటూ 3 మిల్లీమీటర్ల చిన్న చిప్పు ఒకటుంటుంది. డీడీఆర్3లో అందులో పట్టేది 256 బైట్లే. నేను ఫలానా రకం, ఇన్ని వరసలు, ఇంత వేగం అని స్టిక్కు తన వివరాలన్నీ అందులో రాసుకుని వస్తుంది. పవర్ బటన్ నొక్కగానే బయోస్ మొట్టమొదట చదివేది దాన్ని. ఆ క్షణానికి యంత్రానికి ర్యామ్ లేదు. ఉన్నా అది ఎలాంటిదో తెలియదు. అందుకని బయోస్ ప్రాసెసర్ లోపలి క్యాష్‌నే తాత్కాలికంగా ర్యామ్‌గా వాడుకుంటూ ఆ 256 బైట్లు చదివి, దాన్నిబట్టి కంట్రోలర్‌ని అమర్చి, అప్పుడు అసలు ర్యామ్‌ని మేలుకొలుపుతుంది. ఇదంతా కంపెనీ బొమ్మ తెర మీదికి రాకముందే అయిపోతుంది. ఆ మూడో తరం లాప్‌టాప్‌ని లినక్స్ పెన్‌డ్రైవ్‌తో లేపి, ఆ చిన్న చిప్పులో ఏముందో తెర మీదికి తెప్పించారు. కొత్తదానికి 8 × 16 × 10 × 64 అని వచ్చింది: ఎనిమిది బ్యాంకులు, 16 బిట్ల అడ్డవరస, 10 బిట్ల నిలువువరస, 64 డేటా గీతలు. పాతదానికి 8 × 15 × 10 × 64, ర్యాంకులు (ఎనిమిదేసి చిప్పుల జట్లు) రెండు; చీటీ మీది '2ఆర్' అదే. పదహారుకీ పదిహేనుకీ మధ్య ఉన్న ఆ ఒక్క అంకె మాస్టారిని ఈ దుకాణం దాకా రప్పించింది.

ఒక్క అంకె అంటే చిన్నదేం కాదు. బిట్టుకో ట్రాన్సిస్టర్, ఒక బుల్లి కెపాసిటర్ చాలన్న ఆలోచన ఐబీఎంలో రాబర్ట్ డెనార్డ్‌ది, 1968లో పేటెంటు వచ్చింది. 1970లో ఇంటెల్ అమ్మిన 1103 చిప్పులో 1,024 బిట్లు. మాస్టారి స్టిక్కు మీద ఒక్కో చిప్పులో అంతకి దాదాపు 42 లక్షల రెట్లు. ఇన్నేళ్లూ చిప్పు సామర్థ్యం రెట్టింపైన ప్రతిసారీ ఎక్కడో ఒక కంట్రోలర్‌కి ఒక తీగ తక్కువ పడుతూనే ఉంది. చీటీ మీద కంపెనీలు 4 జీబీ అని పెద్ద అక్షరాల్లో వేస్తాయి, 1ఆర్, 2ఆర్ అని చీమల అక్షరాల్లో. అమ్మేవాళ్లు 'అన్ని డీడీఆర్3 లాప్‌టాప్‌లకీ' అని రాస్తారు. కొనేవాళ్లేమో జీబీలు చూస్తారు.

పరిష్కారం డబ్బాలోనే ఉంది. బిస్కెట్ల రేకు డబ్బాలో, ఒక్కోటీ కాగితంలో చుట్టి, పదహారు చిప్పుల స్టిక్కులు దాచుకున్నారాయన. చచ్చిన బోర్డుల నుంచి తీసినవి, ఎవరో అప్‌గ్రేడ్ చేసుకుని వదిలేసినవి. కొత్తగా తయారయ్యే సరుకులో ఈ రకం దొరకడం తగ్గుతున్నకొద్దీ ఆ డబ్బాకి విలువ పెరుగుతుంది. ఒకటి తీసి, తుడిచి, మాస్టారి యంత్రంలో వేశారు. 6 జీబీ. వేగం 1066 దగ్గరే ఉంది, స్టిక్కు 1333కి తగినదైనా ఆ ప్రాసెసర్ అంతకంటే పోదు. అక్కడితో మూత వెయ్యలేదు. మెమ్‌టెస్ట్ పెట్టి వదిలేశారు. వాడిన స్టిక్కుని రాత్రంతా తిప్పకుండా ఇవ్వరట. మాస్టారికి కొత్త స్టిక్కు తిరిగిచ్చేస్తూ, "ఇది మంచిదే మాస్టారూ, వెనక్కి పంపకపోయినా పర్లేదు. మీ అబ్బాయి లాప్‌టాప్ కాస్త కొత్తదైతే దాంట్లో వేయించండి" అన్నారు. మర్నాడు మూత బిగించే ముందు లోపలి వైపు ఒక తెల్ల స్టిక్కర్ అంటించి పెన్నుతో రాశారు: '2ఆర్‌ఎక్స్8, 16 చిప్పులు మాత్రమే.' అది మాస్టారి కోసం కాదు. ఎప్పుడో ఎక్కడో ఆ మూత తీయబోయే ఇంకో మెకానిక్ కోసం.

ఆ మూత బిగుస్తుండగానే కోచింగ్ నుంచి ఒకమ్మాయి వచ్చింది. చేతిలో పలచటి లాప్‌టాప్. "అన్నయ్యా, ఇది 4 జీబీ. 8 చేయించుకోమన్నారు."

ఆయన దాన్ని తిప్పి మోడల్ నంబరు చదివారు. మూత తియ్యలేదు. "దీనికి స్లాటు లేదమ్మా. ర్యామ్ బోర్డుకే అతికించేశారు" అన్నారు. పలచదనం కోసం కంపెనీలు ఇలా టంకం వేసెయ్యడం మామూలైపోయింది. పలచగా ఉంటూనే మార్చుకోగలిగే సీఏఎంఎం2 అనే కొత్త రకానికి 2023 డిసెంబర్‌లో ప్రమాణాలు వచ్చాయి. అవనిగడ్డ బల్లల మీదికి రావడానికి ఇంకా టైముంది. అమ్మాయి మొహం చిన్నబోయింది. ఆయన లాప్‌టాప్ ఆన్ చేయించి, ఆమె రోజూ తెరిచేవన్నీ తెరవమన్నారు. మాక్ టెస్టు పేజీ, పీడీఎఫ్‌లు, ఒక వీడియో. టాస్క్ మేనేజర్ తెరిచారు. మెమరీ 70 శాతం దగ్గర ఆడుతోంది, డిస్క్ నూటికి నూరు.

"నీకు కావలసింది ర్యామ్ కాదు. ఇందులో తిరిగే హార్డ్ డిస్క్ ఉంది, అది తీసి ఎస్‌ఎస్‌డీ వేద్దాం. అంత ఖర్చూ అవదు, తేడా నీకే తెలుస్తుంది. ఇందులో ముఖ్యమైనవేమన్నా ఉన్నాయా?"

"నోట్సంతా అందులోనే ఉందన్నయ్యా."

"అయితే ముందు అది కాపీ చేసి నీ చేతికిస్తా. చూసుకో. మిగతాది ఆ తర్వాత" అని యూఎస్‌బీ కేబుల్ కోసం సొరుగు లాగారు.